గుర్రం దాణా ఎవరి హిసాబ్‌లో?

శిరివెళ్లలో మా పాత ఇంటి వసారా దూలానికి ఒక తోబరా ఇప్పటికీ వేలాడుతుంటుంది. తోబరా అంటే గుర్రం మూతికి కట్టే దాణా సంచీ. మందపాటి కేన్వాసు గుడ్డ, రెండు తోలు పట్టీలు, అంతే. గుర్రం పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆ తర్వాత ఇంటికి ఎన్నిసార్లు సున్నం కొట్టారో, పైరేకులు ఎన్నిసార్లు మార్చారో. తోబరాను మాత్రం ఎవరూ తీయలేదు. చుట్టాలొస్తే "అది దాదా తోబరా" అని చూపిస్తాం.

మా దాదా జట్కా తోలేవాడు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య రోడ్డు మీద ఉన్న ఊరు మాది. బస్సు దిగినోళ్ళను చుట్టుపక్కల పల్లెలకు చేర్చడం, షాదీలకు ఆడవాళ్ళను తీసుకెళ్ళడం, సంతరోజు మూటలు మోయడం ఆయన పని. గుర్రం పేరు మోతీ. తెల్లది కాదు, మట్టిరంగు తట్టు. పేరు మాత్రం ముత్యం.

1978లో దాదాకు ఫాలిజ్ కొట్టింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. అప్పటికి అబ్బా నంద్యాలలో ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. పొద్దున ఎనిమిదికి హాజరీ, సాయంత్రం ఆరు దాటాక ఛుట్టీ. నౌకరీ ఒక ఊళ్ళో, గుర్రం ఒక ఊళ్ళో. అమ్మేద్దామని చిచ్చా అన్నాడు. దాదా మాట సరిగా రాని నోటితోనే, "నేను లేస్తా, లేచి తోల్తా" అన్నాడట. ఆ ఒక్క మాట కోసం అబ్బా రెండేళ్ళు నౌకరీనీ గుర్రాన్నీ రెండింటినీ మోశాడు. ఎలా మోశాడో తర్వాత చెప్తాను.

తారీఖ్ చదివే అలవాటు నాకు ఆ రెండేళ్ళ కథ వల్లే పట్టుకుందేమో. బాద్షాలు ఎన్ని గుర్రాలతో దండెత్తారో అన్ని కితాబుల్లోనూ ఉంటుంది. పదివేల సవార్లు, ఇరవైవేల సవార్లు. నాకు మాత్రం ఆ అంకె కనిపించగానే ఒకటే సవాల్: ఆ ఇరవైవేల గుర్రాలకు గడ్డి ఎవరు కోశారు? సవారు హాజరీకి పోతే, యుద్ధానికి పోతే, ఖజానా ముందు తన్ఖా కోసం నిలబడితే, వాడి గుర్రాన్ని ఎవరు చూసుకున్నారు?

ముందు గుర్రం సంగతి కొంచెం తెలియాలి. మా సీమ రైతుకు ఎద్దు తెలుసు. ఎద్దు కడుపులో నాలుగు గదులు. గబగబా మేస్తుంది, పడుకుంటుంది, తీరిగ్గా నెమరేస్తుంది. పొద్దున చొప్ప వేసి పోతే మధ్యాహ్నం దాకా దానికి ఫికర్ లేదు. గుర్రం అట్లా కాదు. దానికి నెమరు లేదు. ఒళ్ళు అంతుంటుంది గానీ కడుపు చిన్నది. వదిలేస్తే రోజుకు 15, 16 గంటలు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. ఆకలేసిందని ఒకేసారి బోలెడు దాణా పోస్తే శూల వస్తుంది. వాంతి చేసుకుని బయటపడే మార్గం అల్లా దానికి పెట్టలేదు. కడుపులోకి పోయింది లోపలికే పోవాలి, లేకపోతే గుర్రమే పోవాలి. చిన్న తట్టుకైనా రోజుకు ఐదారు కిలోల మేత, బిందెలకు బిందెలు నీళ్ళు. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కి నాల్ మార్చాలి. ఒళ్ళు మాలీసు చేయకపోతే జీను కింద చెమట ఎండి పుండవుతుంది. అంటే గుర్రం చాకిరీ పొద్దున గంట, సాయంత్రం గంట చేసేది కాదు. రోజంతా ఎవరో ఒకరు దాని చుట్టూ ఉండాలి. నౌకరీ చేసేవాడికి లేనిదే ఆ రోజంతా.

పైగా గుర్రం మన నేల జానవర్ కాదు. దక్కన్ రాజులకు మంచి గుర్రం కావాలంటే సముద్రం మీద అరబ్బు దేశాల నుంచో, హుర్ముజ్ నుంచో రావాల్సిందే. కాకతీయుల కాలంలో సాహిణి అనే బిరుదు ఉన్న అధికారులు కనిపిస్తారు. గుర్రాల, ఏనుగుల సాలలు వాళ్ళ చేతిలో ఉండేవి. 13వ శతాబ్దం చివర తమిళ తీరం చూసిన మార్కో పోలో, అక్కడ గుర్రాలకు ఉడికించిన అన్నం, మాంసం పెడతారనీ, నాల్‌బంద్‌లు లేరనీ, ఏటా కొన్న గుర్రాల్లో చాలా మటుకు చచ్చిపోతాయనీ రాశాడు. గుర్రాలమ్మే సౌదాగర్లే నాల్‌బంద్‌లను అక్కడికి రానివ్వరని కూడా అన్నాడు. గుర్రం బతికితే మళ్ళీ కొనేవాడుండడు కదా! నిజమెంతో గానీ, తిజారత్ బుద్ధిని మాత్రం ఆయన బాగానే పట్టుకున్నాడు.

కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్తూ, ఏనుగులూ గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఊళ్ళు, ఇళ్ళు, మంచి లాభం ఇచ్చి దగ్గర పెట్టుకోవాలనీ, ఆ సరుకు శత్రువు చేతికి పోకుండా చూసుకోవాలనీ అంటాడు. ఆయన పోయిన కొన్నేళ్ళకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఇంకా లోపలి హిసాబ్ రాసిపెట్టాడు. సాళువ నరసింహ రాయలు గుర్రాల కోసం ఎంత తహతహలాడాడంటే, సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా బతికున్నదానికి ఇచ్చినట్టే ధర కట్టాడట. అంటే దారిలో నష్టం రాజు భరించాడు. గుర్రం ఒడ్డెక్కాక సంగతి వేరు. నూనిజ్ కాలానికి రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడు. మేలు రకం తన లాయానికి ఉంచుకుని మిగతావి తన కెప్టెన్లకు, అంటే నాయకులకు ఇచ్చేవాడు. నాటు గుర్రాలు వెయ్యి పర్దావులకు 12 నుంచి 15 దాకా కొని, నాయకులకు వెయ్యికి ఐదు చొప్పున అమ్మేవాడు. సెప్టెంబరు నెలలో పైకం కట్టి తీరాలి. రాజు స్వయంగా గుర్రాలిచ్చిన సవార్లకు ఇంకో షరతు. ప్రతి గుర్రానికీ రాజముద్ర వేసి ఉండేది. గుర్రం చస్తే ఆ ముద్ర ఉన్న చర్మం ముక్క కోసి తెచ్చి అశ్వాధికారికి చూపించాలి. అప్పుడే ఇంకో గుర్రం.

వర్తకుడు తోక చూపిస్తే పైసలు. సిపాయి చర్మం కోసి తెస్తేనే నమ్మకం. ఈ ఫర్క్ ఎప్పుడు గుర్తొచ్చినా నాకు మనసు చివుక్కుమంటుంది. రోజూ మాలీసు చేసిన చేత్తోనే వాడు ఆ చర్మం కోయాలి.

ఈ ముద్ర సంగతి విజయనగరంతో మొదలైంది కాదు. ఢిల్లీలో అలావుద్దీన్ ఖిల్జీ దాగ్, హులియా రెండూ పెట్టాడు. దాగ్ అంటే గుర్రం మీద కాల్చే ముద్ర. హులియా అంటే సిపాయి ముఖం, ఒళ్ళు, గుర్తులు రాసిపెట్టుకునే కాగితం. ఎందుకంటే హాజరీ రోజు అద్దె గుర్రం తెచ్చి చూపించి, తన్ఖా తీసుకుని, మర్నాడు గుర్రాన్ని వాపస్ ఇచ్చేసేవాళ్ళు. సర్కారు దీన్ని దగా అంది. దగానే. కానీ దాని వెనక లెక్క కూడా చూద్దాం. బరనీ రాసిన ప్రకారం సవారు తన్ఖా ఏడాదికి 234 టంకాలు, రెండో గుర్రం ఉంచుకుంటే ఇంకో 78. అదే బరనీ ఢిల్లీ బజారు ధరలు కూడా ఇచ్చాడు: మొదటి రకం గుర్రం 100 నుంచి 120 టంకాలు, రెండోది 80 నుంచి 90, మూడోది 65 నుంచి 70. ధరలను సుల్తాన్ కత్తి పట్టుకుని అదుపులో పెట్టిన రోజుల్లోనే ఇది. మంచి గుర్రమొకటి చస్తే సగం ఏడాది తన్ఖా పోయినట్టు. ఇక దాని దాణా, సాయిస్ కూలి, జీను, నాల్‌లు, వీటి తర్వాత మిగిలితే పిల్లల రొట్టె. అద్దె గుర్రం తెచ్చినవాడు దొంగే. కానీ వాణ్ణి దొంగను చేసిన హిసాబ్ కూడా ఒకటుంది.

అక్బర్ 1570లలో దాగ్‌ను మళ్ళీ గట్టిగా అమలు చేశాడు. అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో షాహీ అశ్వశాల నౌకర్ల జాబితా ఇచ్చాడు. నేను దాన్ని చదివిన రోజు కాగితం మీద ఒక్కొక్కటే రాసుకున్నాను. పైన ఆత్‌బేగీ, కింద దారోగా, లెక్కలు రాసే ముష్రిఫ్, గుర్రాలను చూసి ధర కట్టే దీదావర్, సవారీ నేర్పే చాబుక్‌సవార్, వైద్యం చేసే బైతార్, నాల్ కొట్టే నాల్‌బంద్, జీను చూసే జీన్‌దార్, నీళ్ళు మోసే ఆబ్‌కష్, ఊడ్చే ఖాక్‌రూబ్. రెండు గుర్రాలకు ఒక సాయిస్. చివరికి గుర్రాలకు దిష్టి తగలకుండా సిపంద్ గింజలు పొగ వేసే సిపంద్‌సోజ్ కూడా ఒకడు. బాద్షా గుర్రాన్ని బతికించడానికి ఇంత జమాత్ కావాలన్నమాట. మామూలు సవారు ఇంట్లో ఈ ఓహదాలన్నీ ఎవరు నిభాయించారు? నీళ్ళు మోసింది, ఊడ్చింది, దిష్టి తీసింది ఎవరు? ఆ జాబితా ఎవరూ రాయలేదు. రాయకపోయినా మనకు తెలుసు. బీవీ, అమ్మీ, పిల్లలు.

దక్కన్ ఫౌజుల్లో రెండు మాటలు గట్టిగా పాతుకుపోయాయి. సిలాహ్‌దార్, బర్గీర్. సిలాహ్ అంటే ఆయుధం. సొంత ఆయుధం, సొంత గుర్రంతో నౌకరీకి వచ్చేవాడు సిలాహ్‌దార్. మరాఠీలో వాడే శిలేదార్. తన్ఖా ఎక్కువ, ఇజ్జత్ ఎక్కువ. గుర్రం చస్తే మాత్రం నౌకరీ కూడా చచ్చినట్టే. బర్గీర్‌కు గుర్రం లేదు. సర్కారుదో, ఇంకో ఆసామీదో ఎక్కుతాడు. తన్ఖా తక్కువ, గుండెల్లో భారం కూడా తక్కువ. అప్పటి సిలాహ్‌దార్ యుద్ధంలో ముందుకు దూకడానికి వెనకాడాడంటే పిరికివాడనుకోవద్దు. వాడి పొలం, వాడి బీవీ నగలు, వాడి పిల్ల షాదీ అన్నీ ఆ గుర్రం వీపు మీదే ఉన్నాయి.

మా శిరివెళ్లకు ఈ తారీఖ్ దూరం కాదు. ఈ నేల కర్నూలు పఠాన్ నవాబుల కింద ఉండేది. 1800లో నిజాం, తనకు కాపలాగా ఉన్న ఇంగ్లీషు ఫౌజు ఖర్చు కింద బళ్ళారి, కడప సీమలను కంపెనీకి రాసిచ్చాడు. ఆ ఫౌజులో కాల్బలమే కాదు, అశ్వికదళమూ ఉంది. అందుకే ఈ సీమకు దత్తమండలం అని పేరు. పక్కన పెట్టి చూస్తే, జిల్లాలకు జిల్లాలనే సిపాయిల కూటికీ గుర్రాల దాణాకూ రాసిచ్చినట్టు. కర్నూలు నవాబు మాత్రం కంపెనీకి పేష్కష్ కడుతూ ఇంకో నలభై ఏళ్ళు నిలబడ్డాడు. 1839లో ఆయుధాలు పోగేస్తున్నాడని గులాం రసూల్ ఖాన్ మీదికి కంపెనీ ఫౌజు వచ్చింది. అక్టోబరులో కర్నూలు దగ్గర జోహరాపురంలో పఠాన్లు, అరబ్బులు, రోహిల్లాలు ఆఖరిసారి నిలబడ్డారు. నవాబును తిరుచిరాపల్లి పంపారు, మరుసటి ఏడు అక్కడే ఖతల్ అయ్యాడు. రామళ్లకోట, నందికొట్కూరు, నంద్యాల, శిరివెళ్ల తాలూకాలు కంపెనీ చేతికి పోయాయి. అవును, అప్పట్లో మా ఊరి పేరు మీద తాలూకానే ఉండేది. 1858లో కోవెలకుంట్ల, కంభం, మార్కాపురం, పత్తికొండ కలిపి కర్నూలు జిల్లా చేశారు.

నవాబు పెన్షన్ల గురించి కాగితాలున్నాయి. సవార్ల సంగతి ఎవరికి కావాలి? నౌకరీ ఒక్క రోజులో పోయింది. గుర్రం మాత్రం మర్నాడు పొద్దున కూడా ఆకలేసి సకిలించే ఉంటుంది. నౌకరీ పోతే తన్ఖా ఆగుతుంది, దాణా ఆగదు.

కంపెనీ నవాబులను తీసేసింది గానీ సిలాహ్‌దారీని తీసేయలేదు. అది సర్కారుకు చవక బేరం మరి. బెంగాల్, బొంబాయి సవారు పటాలాలు, బొలారంలో ఉండే హైదరాబాద్ కంటింజెంట్ సవార్లు చాలా కాలం ఈ పద్ధతిలోనే నడిచాయి. నెలకు 30 రూపాయల అటూ ఇటూ తన్ఖా ఇచ్చేవాళ్ళు. అందులోనే సవారు గుర్రం, దాణా, జీను, బట్టలు, సాయిస్ అన్నీ చూసుకోవాలి. సర్కారు ఇచ్చేది తుపాకీ, తూటాలు. పటాలంలో చేరాలంటే ఆసామీ కొనుక్కోవాలి. ఆసామీ అంటే అక్కడ మనిషి కాదు, మనిషికీ గుర్రానికీ కలిపి ఒక చోటు. దాన్ని అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. గుర్రం చస్తే కొత్తది కొనడానికి అందరూ నెలనెలా చందా వేసుకునేవాళ్ళు. ఇద్దరు సవార్లకు కలిపి ఒక ఘసియారా, ఒక తట్టు. ఘసియారా అంటే గడ్డి కోసేవాడు. పొద్దున్నే తట్టుతో బయల్దేరి, మైళ్ళ దూరం పోయి, గడ్డి చెక్కి, మోపు కట్టి తెచ్చేవాడు. పటాలం ఫోటోల్లో తలపాగాలు, మీసాలు, మెడల్స్ కనిపిస్తాయి. ఘసియారా కనిపించడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రాలు దాటి పోవాల్సి వచ్చినప్పుడు ఈ పద్ధతి కూలిపోయింది. పరాయి దేశంలో చచ్చిన గుర్రం బదులు సవారు ఎక్కడ కొంటాడు? 1920ల మొదట్లో సిలాహ్‌దారీని రద్దు చేసి, గుర్రాన్ని సర్కారే ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి గుర్రం కాలమే వెళ్ళిపోతోంది.

ఫౌజు పోయినా మాటలు మన నోట్లోనే ఉండిపోయాయి. సవారీ, లగాము, జీను, రికాబు, చాబుకు, దౌడు, దాణా, ఆసామీ, చందా. తెలుగువాళ్ళు, తురకవాళ్ళు అని తేడా లేకుండా అందరం వాడతాం. ఫౌజులు లేని ఊళ్ళకు గుర్రం జట్కా కట్టుకుని వచ్చింది. నంద్యాల మీటర్ గేజ్ స్టేషన్ బయట రైలు దిగే జనం కోసం జట్కాలు వరసగా నిలబడేవని దాదా చెప్పేవాడట. బండి తోలేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. లాడాలు కొట్టే నాల్‌బంద్‌లు మనవాళ్ళే. ఆఖరి సిలాహ్‌దార్లు వీళ్ళేనని నాకనిపిస్తుంది. కత్తి లేదు, డాలు లేదు. సొంత గుర్రం, సొంత బండి, రోజు కిరాయి.

ఇప్పుడు అబ్బా రెండేళ్ళ కథ.

మొదట అబ్బా కూడా బర్గీర్ పద్ధతే పెట్టాడు. ఆయనకు ఆ మాట తెలియదు గానీ పద్ధతి అదే. ఊళ్ళో తెలిసిన కుర్రవాడొకడికి బండి పాలుకిచ్చాడు. కిరాయిలో సగం వాడిది, సగం మాది. దాణా మా ఖర్చు. మూడు నెలలకే మోతీ మెడ మీద పుండు పడింది. గుర్రం తనది కాదు కాబట్టి వాడు ఎక్కువ సవారీలు ఎక్కించేవాడు, నడిమధ్యాహ్నం ఎండలో తోలేవాడు. వాణ్ణి నేనిప్పుడు గలత్ అనను. వాడి ఇంట్లో పొయ్యి కూడా ఆ సగంతోనే వెలగాలి. బర్గీర్‌కు గుర్రం మీద దర్ద్ ఉండదని పాత ఫౌజుల వాళ్ళు ఎందుకనుకున్నారో మా వాకిట్లో తెలిసొచ్చింది. అబ్బా బండి వాపస్ తీసుకున్నాడు.

ఇక మిగిలింది ఇల్లు. అబ్బా నాలుగున్నరకు లేచి లద్ది ఎత్తి, మాలీసు చేసి, నీళ్ళు పెట్టి, మొదటి బస్సుకు నంద్యాల పోయేవాడు. రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చి వాకిలి దాటకముందే అడిగే మాట ఒకటే: "ఘోడేకు పానీ పిలాయే క్యా?" గుర్రానికి నీళ్ళు పెట్టారా? ముందు గుర్రం హాల్‌చాల్, తర్వాత దాదాది, తర్వాత మాది. ఆదివారం బండి కట్టి తనే రెండు మూడు కిరాయిలు తోలేవాడు. ఆ పైసలు వారం ఉలవలకు సరిపోయేవి కాదు. మిల్లులో రెండుసార్లు ఆలస్యమైందని హాజరీ కొట్టేశారు. పైవాడు, "నీకు గుర్రం కావాల్నా, నౌకరీ కావాల్నా?" అన్నాడట. అబ్బా తల దించుకుని నిలబడ్డాడు. అబ్బా దగ్గర కూడా జవాబు లేదు.

నాలుగున్నర నుంచి ఆరు, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది. అబ్బా గుర్రానికి ఇచ్చిన సమయం ఇదీ. మధ్యలో పద్నాలుగు గంటలు? ఆ పద్నాలుగు గంటలు దాదీవి. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. మంచంలో దాదా. వాకిట్లో గుర్రం. దాదాను పక్కకు తిప్పి, పక్కబట్ట మార్చి, గంజి తాపి, కొడవలి తీసుకుని కేసీ కాలువ గట్టుకు పోయేది. గరిక కోసి మోపు నెత్తిన పెట్టుకొచ్చేది. సాయంత్రం ఉలవలు ఉడకబెట్టేది. ఉలవలు ఉడికిన నీళ్ళతో ఇంటికి చారు, ఉడికిన ఉలవలు గుర్రానికి. మా ఇంట్లో రెండేళ్ళు రోజూ ఉలవచారే అని ఫూఫూ ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది. ఇప్పుడు హోటళ్ళలో దాన్ని మీగడ వేసి, ప్రత్యేక వంటకమని ఇస్తుంటే ఆమె ముట్టుకోదు.

1980 ఎండాకాలంలో ఒక రాత్రి మోతీకి శూల వచ్చింది. పడుకుంటుంది, లేస్తుంది, తల తిప్పి కడుపు వైపు చూస్తుంది. శూల వచ్చిన గుర్రం పొర్లితే పేగు మెలిపడుతుందని పాత జట్కావాళ్ళ భయం. అందుకే పడుకోనివ్వకుండా నడిపించాలి. అబ్బా రెండింటి దాకా నడిపించాడు. పొద్దున నౌకరీ ఉందని దాదీ లగాము లాక్కుంది. ఫజర్ అజాన్ దాకా ఆమె నడిపించింది. మసీదు నుంచి వచ్చినవాళ్ళు చూసేసరికి ముసలామె, గుర్రం రోడ్డు మీద పక్కపక్కన నడుస్తున్నారు. మోతీ బతికింది. ఆ పొద్దు అబ్బా మిల్లుకు పోయాడు. దాదీ ఎక్కడికి పోతుంది? దాదాకు గంజి కాచింది.

వారం తర్వాత అమ్మేశారు. అమ్మమన్నది దాదా. దాదీ అరికాళ్ళ బొబ్బలు మంచం మీద నుంచి చూశాడట. దూరపు ఊరి బండివాడు కొన్నాడు. ఎంతకు అని నేనెప్పుడు అడిగినా అబ్బా చెప్పలేదు.

ఈ దేశంలో బండి లాగే జానవర్ల కోసం 1965 నుంచి ఖాయిదాలున్నాయి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా ఐదు గంటలు దాటకూడదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా తోలకూడదు. మంచి ఖాయిదాలు, ఆ జానవర్లకు ఇన్సాఫ్ కావాల్సిందే. నంద్యాల ఎండలు తెలిసినవాడెవడూ కాదనడు. కానీ ఆ మూడు వాక్యాలు చదివినప్పుడు మా ఇంట్లో మోతీకి ఒక్కదానికే పని గంటల లెక్క ఉందని నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

నౌకరీ చేస్తూ గుర్రాన్ని ఎలా చూసుకున్నారు అన్న సవాల్‌కు తారీఖ్ ఇచ్చే జవాబు నాకు ఒక్కటే కనిపిస్తోంది. ఎవరూ రెండూ తానే చేయలేదు. బాద్షాకు సాయిస్‌ల జమాత్, పటాలం సవారుకు అర ఘసియారా, నవాబు సవారుకు ఇంటి ఆడవాళ్ళు, మా అబ్బాకు దాదీ. "నేను రెండూ నిభాయించాను" అన్న ప్రతి మగవాడి వెనకా పద్నాలుగు గంటలు ఎవరివో ఉన్నాయి. తన్ఖా రిజిస్టర్లలో గుర్రం రంగు రాశారు, ముద్ర రాశారు, సవారు ముఖం మీది మచ్చ రాశారు. ఆ మూడో మనిషికి హులియా లేదు.

ఇది పాత కథ కూడా కాదు. నంద్యాల బస్టాండ్ దగ్గర సాయంత్రం పూట చూడండి. పెద్ద పెద్ద సంచులు వీపుకు తగిలించుకుని పిల్లలు బైకుల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. బైకు వాళ్ళది, పెట్రోలు వాళ్ళది, పంక్చరు వాళ్ళది. బైకు పాడైతే ఆ రోజు మజ్దూరీ లేదు. బైకు లేనివాడు అద్దెకు తీసుకుని తిరుగుతాడు. మొదటివాడు సిలాహ్‌దార్, రెండోవాడు బర్గీర్. అలావుద్దీన్ కాలంలో దాగ్, ఇప్పుడు ఫోన్లో సెల్ఫీ హాజరీ. వాళ్ళ బైకు కిస్తీ ఎవరి చెవి కమ్మలు కుదువ పెట్టి కడుతున్నారో అడిగితే, ఆ మూడో మనిషి అక్కడ కూడా దొరుకుతుంది.

దాదా 1981లో పోయాడు, దాదీ 2003లో. అబ్బా రిటైరై శిరివెళ్లలోనే ఉన్నాడు. మొన్న రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక వసారాలో కూర్చుని ఈ కథంతా మళ్ళీ అడిగాను, రాసుకుంటానని చెప్పి. అన్నీ చెప్పాడు. తోబరా వైపు చూపించి, "ఇది దాదా ఎక్కడ కొన్నాడు?" అన్నాను.

"కొనలేదురా. మిల్లు నుంచి నేను పాత కేన్వాసు ముక్క తెస్తే మీ దాదీ కుట్టింది. పట్టీలు కూడా ఆమే వేసింది" అన్నాడు.

ఇన్నేళ్ళూ మేమందరం దాన్ని దాదా తోబరా అనే పిలిచాం.